పాత్ర నోటి మాట

పాత్రకు ప్రాణము మాటయే యని నెల్లూరికి చెందిన ఇద్దరు సాహితీమూర్తులు మనకు నేర్పిరి. వారి నడుమ ఆరు శతాబ్దుల ఎడమున్నది.

13వ శతాబ్దిలో, పెన్న యొడ్డున, మనుమసిద్ధి కొలువున వెలసిన తిక్కన విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను తెనిగించెను. ఉత్తరుని చూడుడు. అంతఃపురస్త్రీల యెదుట కౌరవసేనను తృణీకరించును. సేన కంటబడగానే రథము దిగి పరుగెత్తును. అతడు పిరికివాడని వేరుగా చెప్పనక్కరలేదు. ద్రౌపది కీచకునితో పలుకునప్పుడు సైరంధ్రి వేషము చాటున రాణి అభిమానము వినబడును. భీమునితో పలుకునప్పుడు దాపరికము లేని దుఃఖము వినబడును.

వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853–1929) 1897లో ప్రకటించిన ప్రతాపరుద్రీయ నాటకమున చాకలి పేరిగానికి రాజు పోలికలు గలవు. మోము రాజుదైనను మాట చాకలిదే. శాస్త్రిగారు గ్రాంథిక పక్షపాతులు. అయినను సంస్కృత నాటకములలోని ప్రాకృతమును దృష్టాంతముగా గొని, పామరపాత్రలకు వాడుకమాటనే యిచ్చిరి. అట్లు చాకలి మాట రంగమెక్కినది. కాని తక్కువతనమునకు గుర్తుగానే యెక్కినది. అదే యేట అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కమున పండితుడును పామరుడును వాడుకభాషనే పలికిరి. ఎవరి మాటకు ఎంత గౌరవమను ప్రశ్న అప్పటినుండి తెలుగు రచయితను వదలలేదు.

రేడియో నాటకమున ముఖము కనబడదు. అందుచేత శ్రోతలమైన మనము పాత్ర యెవరని మాత్రమే కాక, ఆ మాట ఆ నోటికి ఎవరు, ఏల యిచ్చిరని కూడ ఆలకింపవలెను.