అమృతం ద్వితీయం

జీ5 వేదికపై వచ్చిన తెలుగు హాస్య ధారావాహిక. నిర్మాత గుణ్ణం గంగరాజు. జెమిని టీవీలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు ప్రసారమైన ‘అమృతం’కు ఇది కొనసాగింపు. మాతృక ఆరేళ్లు నడవగా, ఇది కొద్దికాలంలోనే ముగిసింది. 2020 మార్చి 25న, ఉగాది నాడు మొదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ అమల్లోకి వచ్చిందీ ఆ రోజే.

మాతృకకు బలం హోటల్ నేపథ్యం. వ్యాపారం తెలియని యజమాని అమృతరావు అలియాస్ అమృతం, అతని ప్రతి ఆలోచనకూ తోడుగా దిగే ఆంజనేయులు అలియాస్ అంజి, వంటా వడ్డనా చూసే సర్వం, ఇంటి యజమాని అప్పాజీ. కొత్త పథకం వేయడం, అది బెడిసికొట్టడం: ఏ వారం కథైనా ఈ చట్రంలో ఇమిడిపోయేది. రెండో భాగమూ దాన్నే నమ్ముకుంది. హర్షవర్ధన్ అమృతంగా, వాసు ఇంటూరి సర్వంగా, శివన్నారాయణ అప్పాజీగా తిరిగి రావడం దీనికి పెద్ద అండ. ముఖ్యంగా శివన్నారాయణ మాట విరుపులో పదును తగ్గలేదు.

లోటల్లా ఆంజనేయులు దగ్గరే. మాతృకలో అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వంతులవారీగా పోషించినా, అంజిగా గుండు హనుమంతరావు మారలేదు. ఆయన 2018లో మరణించారు. ఆ పాత్రలోకి వచ్చిన ఎల్.బి.శ్రీరామ్ సమర్థుడే, కానీ ఆయన యాస, ఒరవడి వేరు. అంజి అమాయకత్వం అందులో ఒదగలేదు. పాత హాస్యాన్ని గుర్తుచేయాలన్న తాపత్రయం కూడా కొత్త కథలను కుదురుకోనివ్వలేదు. మొదటిసారి చూసేవారు మాతృకతోనే మొదలుపెట్టడం మేలు.