చాటింపు నుంచి పోర్టల్ దాకా: ఉత్తర తెలంగాణ పట్టణాలలో సభాప్రకటన – పౌరభాగస్వామ్యం

వ్యాససంగ్రహం:
పాలకులు ప్రజలకు ఒక విషయాన్ని తెలియజేసే పద్ధతికి, ఆ విషయంపై ప్రజలు మాట్లాడగలిగే అవకాశానికి మధ్య ఉన్న సంబంధాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హుజూరాబాద్, కరీంనగర్ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని డప్పు చాటింపు, నిజాం కాలపు సభానిబంధనలు, గ్రామసభలు, వార్డు కమిటీలు, స్మార్ట్ సిటీ సంప్రదింపులు అనే దశలను ఇందులో చర్చించడం జరిగింది. ప్రకటనల భాషాస్వరూపాన్ని కూడా విశ్లేషించడమైనది.

కీలకపదాలు: చాటింపు, దండోరా, ఆంధ్రమహాసభ, వార్డు కమిటీ, స్మార్ట్ సిటీ, హుజూరాబాద్.

1. ఉపోద్ఘాతం:

కరీంనగర్ నుంచి వరంగల్‌కు వెళ్ళే రహదారిపై హుజూరాబాద్ పట్టణం ఉంది. కేంద్రప్రభుత్వం 2015 జూన్ 25న ప్రారంభించిన స్మార్ట్ సిటీ పథకంలో వరంగల్‌కు 2016 మే నెలలోను, కరీంనగర్‌కు 2017 జూన్‌లోను చోటు లభించింది. తెలంగాణ నుంచి మొదట హైదరాబాద్ పేరు ప్రతిపాదనలో ఉండగా, తర్వాత దాని స్థానంలో కరీంనగర్ చేరింది. ఈ రెండు నగరాల నడుమ ఉన్న హుజూరాబాద్ ఆ జాబితాలో లేదు. అయినప్పటికీ ఇంటి నిర్మాణానికి ఆన్‌లైన్ అనుమతి, మీసేవ ధ్రువపత్రాలు, కూడళ్ళలో నిఘా కెమెరాలు చిన్న పట్టణాల జీవితంలోకీ వచ్చాయి. ఇటువంటి సాంకేతిక ఏర్పాట్లపై నిర్ణయం జరిగేటప్పుడు పట్టణవాసికి కబురు ఎలా అందుతుంది? అందిన తర్వాత అతడు ఏం చేయగలడు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే కొంత వెనక్కి వెళ్ళక తప్పదు.

2. చాటింపు – వినిపించే ప్రకటన:

తెలంగాణ పల్లెల్లో శిస్తు వసూలు, అధికారుల రాక, జాతర, చెరువుపని వంటి విషయాలను డప్పు కొట్టి చాటేవారు. దీనికే దండోరా అని మరొక పేరు. అక్షరాస్యత తక్కువగా ఉన్న సమాజానికి ఇది సరిగ్గా సరిపోయిన మాధ్యమం. చదువు రాకున్నా, ఇల్లు కదలకున్నా, వాడవాడకూ వెళ్ళే ఆ గొంతు అందరికీ వినిపించేది. సివిల్ ప్రక్రియా స్మృతి, 1908 కూడా ఆస్తి జప్తు ఉత్తర్వును డప్పు మోగించి గాని, ఆచారంలో ఉన్న ఇతర పద్ధతిలో గాని ప్రకటించాలని నిర్దేశించింది. అంటే చాటింపు కేవలం పల్లె అలవాటుగా మిగిలిపోలేదు. న్యాయస్థానం గుర్తించిన ప్రకటనారూపం అయింది.

అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. ఈ పనిని కులవృత్తిగా, చాలాచోట్ల వెట్టిగా దళితుల మీద మోపారు. ఊరందరికీ కబురు మోసినవాడికి ఆ కబురుపై జరిగే పంచాయితీలో గద్దె మీద కూర్చునే చోటు లేదు. ప్రకటన అందరికీ చేరడం, నిర్ణయంలో అందరూ ఉండడం ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల హక్కుల ఉద్యమం 'దండోరా' పేరుతోనే ప్రసిద్ధి పొందడం ఈ సందర్భంలో గమనార్హం. ఇతరుల ఆజ్ఞను చాటిన వాద్యం అక్కడ తమ హక్కును చాటే వాద్యంగా మారింది.

3. సభకు అనుమతి – నిజాం కాలం:

హైదరాబాద్ రాజ్యంలో ప్రజలు తామే సభ ఏర్పాటు చేసుకోవడం సులభం కాదు. సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన 'గస్తీ నిషాన్ 53' ప్రజాజీవితంపై పెద్ద ఆంక్షగా నిలిచింది. ప్రభుత్వం నుంచి ప్రజలకు కబురు వచ్చే దారి తెరిచే ఉంది. ప్రజలు ఒకరినొకరు పిలుచుకునే దారికి మాత్రం కాపలా ఉంది.

భాష మరో అడ్డంకి. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు కొందరు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. అది క్రమంగా విస్తరించి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ జరిగే స్థితికి చేరింది. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగవ మహాసభ అప్పటి కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్లలో జరిగింది. తన భాషలో పిలుపు అందుకోవడం, తన భాషలో మాట్లాడడం అనేవి ఈ ప్రాంతంలో పోరాడి సంపాదించుకున్న హక్కులు. నేటి ప్రకటనల భాషను చర్చించేటప్పుడు ఈ చరిత్రను మరువకూడదు.

4. చట్టంలో సభ:

73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. మొదటిది గ్రామసభకు రాజ్యాంగస్థానం కల్పించింది. పట్టణాలకు వచ్చేసరికి ఓటర్లందరూ కూర్చునే అటువంటి సభ లేదు. 243ఎస్ అధికరణం వార్డు కమిటీలతో సరిపెట్టింది. అదీ 3 లక్షలు, అంతకుమించిన జనాభా గల పట్టణాలకే తప్పనిసరి. 2011 జనగణన నాటికి కరీంనగర్ నగరపాలక సంస్థ జనాభాయే 3 లక్షలకు లోపు. హుజూరాబాద్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఊరు పట్టణంగా మారిన రోజున అక్కడి మనిషి గ్రామసభను కోల్పోతాడు. దానికి సమానమైనది అతడికి దొరకదు.

1997 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జన్మభూమి సభలు అధికారులను వార్డులకు తీసుకొచ్చినా, వాటి స్వరూపం ఎక్కువగా వినతుల స్వీకరణే. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ఈ లోటును కొంత పూరించింది. ప్రతి వార్డులో యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులకు సంబంధించి నాలుగు కమిటీలు ఉండాలని, ఒక్కొక్కదానిలో 15 మంది సభ్యులు ఉండాలని అది చెప్పింది. పారిశుద్ధ్యం, మొక్కల పెంపకం వంటి పనులలో ఇవి ఉపయోగపడతాయి. కెమెరాలు, సమాచార సేకరణ వంటి అంశాలు కూడా ఈ కమిటీల ముందుకు చర్చకు రావడం అవసరం.

5. స్మార్ట్ సిటీ – పాల్గొనడం అంటే ఏమిటి?

స్మార్ట్ సిటీ మార్గదర్శకాలు పౌరుల సంప్రదింపును ప్రతిపాదన తయారీలో భాగం చేశాయి. మైగవ్ పోర్టల్ ద్వారా అభిప్రాయాలు సేకరించారు. నగరస్థాయి సలహా వేదికలో కలెక్టరు, ఎంపీ, ఎమ్మెల్యే, మేయర్‌లతో పాటు యువతకు, సాంకేతిక నిపుణులకు, కాలనీ సంఘాలకు స్థానం కల్పించారు. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటే. కాని పనుల అమలు కంపెనీల చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక సంస్థ చేతిలో ఉంటుంది. రాష్ట్రప్రభుత్వం, నగరపాలక సంస్థ అందులో సమాన వాటాదారులు. కరీంనగర్‌లో కూడా ఇదే పద్ధతి. దీనివల్ల పౌరుడు ఎన్నుకున్న కౌన్సిల్‌కు, నిర్ణయం జరిగే గదికి మధ్య ఒక అంచె పెరిగింది. అభిప్రాయం అడిగింది ప్రతిపాదన దశలో. కెమెరా దృశ్యాలను ఎన్నాళ్ళు దాచాలి, ఎవరు చూడాలి అన్న ప్రశ్నలు తలెత్తేది అమలు దశలో.

కెమెరాల విషయంలో 'భాగస్వామ్యం' అనే మాట అర్థమే మారింది. 2013 నాటి ప్రజాభద్రతా చట్టం జనం గుమిగూడే సంస్థలపై కెమెరాల బాధ్యత పెట్టింది. పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కాలనీవాసులనూ, వ్యాపారులనూ ఖర్చు పంచుకోమని కోరింది. ఇక్కడ పాల్గొనడమంటే చందా ఇవ్వడం. భద్రత కోసం ప్రజలు సంతోషంగా ఇచ్చి ఉండవచ్చు. కాని చందా ఇచ్చినవారికి నియమాల రూపకల్పనలో మాట ఉండాలన్న ఆలోచన దానితోపాటు రాలేదు. అమెరికాలోని ఓక్లాండ్ నగరం 2018లో చేసిన శాసనం ప్రకారం, నిఘా పరికరం సమకూర్చుకోవడానికి ముందే దాని వాడకపు నియమాలను బహిరంగసభలో చర్చకు పెట్టి కౌన్సిల్ ఆమోదం పొందాలి. కొనుగోలు కంటె చర్చ ముందు రావడం అందులోని కీలకం.

6. ప్రకటనల భాష:

తెలుగు అధికార ప్రకటనకు ఒక స్థిరమైన చట్రం ఉంది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలై "అభ్యంతరములు ఉన్నచో" అనే షరతుతో ముగుస్తుంది. ఇందులో మూడు లక్షణాలు కనిపిస్తాయి. ఒకటి, 'తెలియజేయడమైనది', 'నిర్ణయించబడినది' వంటి క్రియారూపాలలో కర్త కనపడడు. నిర్ణయం ఎవరిదో పాఠకుడికి అందదు. రెండు, 'అభ్యంతరం' అనే మాట నిర్ణయం ముందే జరిగిందని సూచిస్తుంది. సలహాకు తావు కనిపించదు. మూడు, గడువు ఉంటుంది గాని, వచ్చిన అభ్యంతరాలకు ఇచ్చే జవాబు ప్రస్తావన ఉండదు. డప్పు చాటింపులోని వాడుకభాష వదిలి వచ్చిన ఈ గ్రాంథికచ్ఛాయ, పోర్టల్‌కు వెళ్ళాక ఆంగ్ల సాంకేతిక పదాలతో మరింత దూరమైంది.

చట్టం ఇంతకంటె ముందే ఉంది. సమాచార హక్కు చట్టం, 2005 నాలుగవ సెక్షన్ ప్రకారం ప్రజలను ప్రభావితం చేసే ముఖ్య విధానాలను రూపొందించేటప్పుడే సంబంధిత విషయాలన్నీ ప్రచురించాలి. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే ప్రచార పద్ధతిని దృష్టిలో ఉంచుకోవాలి. నోటీసు బోర్డులు, పత్రికలు, ఇంటర్నెట్‌తో పాటు బహిరంగ చాటింపును కూడా అది ప్రచార సాధనంగా పేర్కొంది. 2013 భూసేకరణ చట్టం ప్రాథమిక ప్రకటనను రెండు దినపత్రికలలో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, ఇవ్వాలంటుంది. మనిషి భూమిని తీసుకునేటప్పుడు ఇంత జాగ్రత్త పాటించే వ్యవస్థ, అతడి ముఖాన్ని, వాహనం నంబరును, రాకపోకలను నమోదు చేసేటప్పుడు కూడా అంత జాగ్రత్త వహించడం న్యాయం.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. చాటింపు నుంచి పోర్టల్ దాకా మాధ్యమం మారింది. కబురు చేరవేసే పని, నిర్ణయంలో చోటు ఇచ్చే పని మాత్రం వేరువేరుగానే ఉండిపోయాయి.
2. చాటింపు వినడానికి చదువు, ఫోను అక్కరలేదు. పోర్టల్ ప్రకటనకు రెండూ కావాలి. కనుక కొత్త మాధ్యమం పాతదానికి తోడు కావాలే తప్ప దాన్ని తొలగించకూడదు.
3. పట్టణవాసికి గ్రామసభకు సాటియైన వేదిక లేదు. 2019 చట్టంలోని వార్డు కమిటీలను సాంకేతిక ప్రతిపాదనల చర్చకు ఉపయోగించుకోవచ్చు.
4. ప్రకటనలో నిర్ణయకర్త ఎవరు, ఖర్చు ఎంత, సేకరించే సమాచారం ఏది, సలహాలకు జవాబు ఎప్పుడు అనే నాలుగు విషయాలు సరళమైన తెలుగులో ఉండాలి.

స్మార్ట్ సిటీ పథకం గడువు 2025 మార్చి 31తో ముగిసింది. అది ఏర్పరచిన వ్యవస్థలు మాత్రం కొనసాగుతాయి, చిన్న పట్టణాలకూ విస్తరిస్తాయి. ఆ దారిలో తర్వాత వచ్చేది హుజూరాబాద్ వంటి ఊళ్ళే. అక్కడ తొలి కెమెరా స్తంభం పాతే ముందు ఆ వీధివారిని కూర్చోబెట్టి అడగడానికి ఇప్పుడు ఉన్న చట్టాలే చాలు. సిరిసిల్ల సభ నాటికి ఈ జిల్లా ప్రజలు కోరుకున్నదీ అదే: తమ గురించి జరిగే మాట తమ భాషలో, తమ ఎదుట జరగాలని.