మెయిక్టీలా దారిలో దళిత సిపాయి: 1945 బర్మా యుద్ధంలో సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీ

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమణలో ఉన్న బర్మాను తిరిగి గెలిచిన 14వ సైన్యంలో అత్యధికులు భారతీయులే. అందులో ఒక పటాలం మొత్తం దళిత సిక్కులది. 1941లో మజహబీ, రాందాసియా సిక్కు రెజిమెంట్‌గా ఏర్పడి, 1944లో సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీగా పేరు మారిన ఆ రెజిమెంట్ మొదటి బెటాలియన్ 1945లో మధ్య బర్మాలోని మెయిక్టీలా కోసం జరిగిన పోరులో పాల్గొంది. వీళ్లు ఎవరు, ఏ దారిలో వెళ్లారు, యుద్ధం ముగిశాక దళిత రెజిమెంట్లకు ఏమైంది అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు. సైన్యంలో కులం గురించి ఇవాళ జరుగుతున్న చర్చ అర్థం కావాలంటే ఈ మూడూ కలిపి చదవాలి.

అవసరానికి పిలుపు, అవసరం తీరాక ఉద్వాసన

మజహబీలు సిక్కు మతంలోకి వచ్చిన పాకీ, ఊడ్పు పనుల కులాలవారు. రాందాసియాలు నేత, తోలు పనుల కులాల నుంచి వచ్చినవారు. 1675లో ఢిల్లీలో గురు తేగ్ బహదూర్ హత్యకు గురైనప్పుడు ఆయన శిరస్సును ఆనంద్‌పూర్ చేర్చిన భాయి జైతా తమవాడేనని మజహబీలు గర్వంగా చెప్పుకుంటారు. మత చరిత్రలో ఇంత చోటు ఉన్నా ఊరి లోపల మాత్రం వాళ్లకు చోటు లేదు. పంజాబ్ పల్లెల్లోనూ వాడలు వేరు, బావులు వేరు.

1857 తిరుగుబాటు కాలంలో సైనికుల కొరత వచ్చినప్పుడు బ్రిటిష్‌వాళ్లు కాలువ పనుల్లో ఉన్న మజహబీలను పలుగూ పారాతో సహా సైన్యంలోకి తీసుకున్నారు. అలా పుట్టినవే సిఖ్ పయనీర్ దళాలు. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, అవసరమైతే తుపాకీ పట్టి పోరాడటం వాళ్ల పని. 1895లో గిల్గిత్ నుంచి చిత్రాల్‌కు వెళ్లిన దళంలో 32వ పయనీర్లు మంచు కప్పిన షందూర్ కనుమను దాటారు. ఇంత సేవ చేసిన పయనీర్లను 1933లో ఖర్చు తగ్గింపు పేరుతో రద్దు చేశారు.

మహర్లదీ ఇదే అనుభవం. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పోరాడిన వాళ్లను 1890ల మొదట్లో సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. దానికి ఆధారం 'యుద్ధజాతుల' సిద్ధాంతం. కొన్ని కులాలు, కొన్ని ప్రాంతాలవాళ్లే పుట్టుకతో వీరులని, మిగతావాళ్లు పనికిరారని అది చెబుతుంది. దాన్ని బలంగా ప్రచారం చేసిన లార్డ్ రాబర్ట్స్ మద్రాసు సైన్యాన్నీ అదే చూపుతో చూశాడు. ఆ తర్వాత తెలుగువాళ్లకూ సైన్యం తలుపులు మూసుకుపోతూ వచ్చాయి. సైన్యం నుంచి పదవీ విరమణ చేసిన గోపాల్ బాబా వలంగ్‌కర్ మహర్ల భర్తీ నిలిపివేతపై 1894లో వినతిపత్రం రాశాడు. ఫలితం రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1917లో, 111వ మహర్ల పటాలం ఏర్పాటైంది. యుద్ధం ముగిశాక కొన్నేళ్లకే దాన్నీ రద్దు చేశారు.

రెండో యుద్ధంలో భారత సైన్యం దాదాపు 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. 'యుద్ధజాతులు' మాత్రమే ఉంటే ఆ సంఖ్య నిండదు. అందుకే 1941లో మహర్ రెజిమెంట్, మజహబీ, రాందాసియా రెజిమెంట్, 1943లో చమార్ రెజిమెంట్ వచ్చాయి. నిన్నటిదాకా పనికిరాని కులం ఒక్క ఉత్తర్వుతో పనికొచ్చే కులమైంది.

పలేల్ నుంచి సిట్టాంగ్ దాకా

1942 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున, జపాన్ సేనల చేతికి చిక్కకూడదని సిట్టాంగ్ నది వంతెనను బ్రిటిష్ సైన్యమే పేల్చేసింది. 17వ భారత డివిజన్‌లో ఎక్కువమంది అప్పటికింకా అవతలి ఒడ్డునే ఉన్నారు. మూడేళ్ల తర్వాత అదే డివిజన్ వెనక్కి వచ్చింది. ఈసారి దాని 99వ బ్రిగేడ్‌లో సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీ మొదటి బెటాలియన్ ఉంది.

14వ సైన్యాధిపతి విలియం స్లిమ్ పథకం సూటిగా ఉంది. ఉత్తరాన మాండలే వైపు శత్రువు దృష్టి మళ్లించి, దక్షిణాన ఇరావతి దాటి మెయిక్టీలాను పట్టుకోవాలి. మధ్య బర్మాలోని జపాన్ సేనలకు ఆహారం, మందుగుండు చేరే దారులు, విమాన స్థావరాలు అక్కడే ఉన్నాయి. 1945 ఫిబ్రవరి 14న 7వ డివిజన్ న్యాంగు దగ్గర నది దాటింది. వారం తర్వాత 17వ డివిజన్‌లోని మోటారు దళాలు, ట్యాంకులు ఆ మార్గంలో ముందుకు దూసుకెళ్లాయి. ఫిబ్రవరి 26న మెయిక్టీలాకు వాయవ్యంగా ఉన్న తబుత్కోన్ విమానాశ్రయం చిక్కింది. మర్నాటి నుంచి 99వ బ్రిగేడ్‌ను మణిపూర్‌లోని పలేల్ నుంచి విమానాల్లో అక్కడ దించారు. నెలలు పట్టే కొండదారిని ఆ సిపాయిలు కొన్ని గంటల్లో దాటి, నేరుగా శత్రువు పట్టులో ఉన్న నేల నడుమ దిగారు.

మార్చి మొదటి వారానికి మెయిక్టీలా పట్టణం చేజిక్కింది. రెండు చెరువుల నడుమ ఉన్న ఊరు, చుట్టూ వానలు తక్కువగా పడే మెట్ట నేల, మండే ఎండ. ప్రతి ఇంటినీ, ప్రతి గుంతనూ విడివిడిగా గెలవాల్సి వచ్చింది. తర్వాత పరిస్థితి తిరగబడింది. జపాన్ సేనలు బయటి నుంచి పట్టణాన్ని చుట్టుముట్టాయి. మార్చి నెలంతా తిండి, మందుగుండు విమానాల ద్వారానే వచ్చాయి. విమానాశ్రయం మీద గుండ్లు పడుతుండగా కొత్త దళాలు దిగాయి. తర్వాత ఆ నేల మీద దిగడం కుదరక, సరుకును పారాచూట్లతో జారవిడవాల్సి వచ్చింది. నెలాఖరుకు జపాన్ సేనలు వెనుదిరిగాయి.

అక్కడి నుంచి రంగూన్‌కు దాదాపు 500 కిలోమీటర్లు. ఏప్రిల్ రెండో వారంలో ప్యాబ్వే పడింది. వానాకాలం ముంచుకొస్తుంటే దళాలు పరుగున పెగూ చేరాయి. మే 3న సముద్రం వైపు నుంచి వచ్చిన 26వ డివిజన్ రంగూన్‌లో అడుగుపెట్టింది. జపాన్ సేనలు అప్పటికే ఊరు ఖాళీ చేశాయి. జూలైలో, పెగూ కొండల్లో చిక్కుకున్న జపాన్ 28వ సైన్యం సిట్టాంగ్ దాటి తప్పించుకోబోతే 17వ డివిజన్ అడ్డుకుంది. 1942లో చెదిరిపోయిన నది దగ్గరే ఆ డివిజన్ యుద్ధం ముగిసింది.

ఆ నేలపై తెలుగువాళ్లు

ఈ దారి తెలుగువాళ్లకూ తెలిసిన దారే. ఉత్తరాంధ్ర పల్లెల్లో 'రంగం' అని పిలిచే రంగూన్‌కు దశాబ్దాల పాటు మన కూలీలు ఓడలెక్కి వెళ్లారు. రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేశారు. వాళ్లలో దళితులు, వెనుకబడిన కులాలవారు ఎక్కువ. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత చెలరేగిన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు చనిపోయారు. 1941 డిసెంబర్‌లో రంగూన్‌పై బాంబులు పడ్డాక, కొద్ది నెలల్లో దాదాపు 5 లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. ఓడ దొరకనివాళ్లు అడవుల్లో నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలమంది దారిలోనే కన్నుమూశారు. తెల్లవాళ్లకు ఒక దారి, భారతీయులకు మరో దారి కేటాయించారన్న ఆరోపణ అప్పుడే పెద్ద వివాదమైంది. అలా నడిచినవాళ్లు తము మీదుగా మణిపూర్‌లోకి వచ్చి చేరిన చోట్లలో పలేల్ ఒకటి. 1945లో సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీ విమానమెక్కింది అక్కడి నుంచే.

ఇది ఎవరి యుద్ధం?

బ్రిటిష్ జెండా కింద పోరాడిన దళిత సిపాయిని దేశద్రోహి అనడం ఒక పాత నింద. పైగా ఇరావతి ఒడ్డున, పోపా కొండ దగ్గర ఎదుటి పక్షాన ఆజాద్ హింద్ ఫౌజ్ ఉంది. బర్మా ప్రజల వైపు నుంచి చూస్తే 1885లో బ్రిటిష్‌వాళ్లు మాండలేను ఆక్రమించారు, 1942లో జపాన్‌వాళ్లు దేశాన్ని ఆక్రమించారు. ఆంగ్ సాన్ నాయకత్వంలోని బర్మా సేన 1945 మార్చి 27న జపాన్‌పై తిరగబడింది గానీ, అది బ్రిటిష్ పాలన మళ్లీ రావాలని కాదు.

ఈ చిక్కును అంబేడ్కర్ దాచలేదు. జపాన్, జర్మనీ గెలిస్తే అణగారినవాళ్లకు మరింత కీడని ఆయన భావించాడు. 1941లో రక్షణ సలహా సంఘంలో సభ్యుడై మహర్ రెజిమెంట్ ఏర్పాటుకు పట్టుబట్టాడు. 1942 నుంచి వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాడు. ఆయన తండ్రి రాంజీ సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. సైన్యం అంటే జీతం, పింఛను, చదువు, ఊరి కట్టుబాటుకు బయట ఒక బతుకు అని ఆయనకు సొంత ఇంట్లోనే తెలుసు. ఇన్ని దారులు మూసుకున్నవాడు తెరిచి ఉన్న ఒక్క దారిలో వెళ్తే, నిలదీయాల్సింది మిగతా దారులు మూసినవాళ్లను.

పంజాబ్‌లో ఆ మూసివేత చట్టం రూపంలోనే ఉంది. 1900 నాటి భూ బదలాయింపు చట్టం, 'వ్యవసాయ జాతులు' కానివాళ్లు ఆ జాతుల భూమి కొనకుండా అడ్డుకుంది. దళితులు ఆ జాబితా బయటే ఉన్నారు. పయనీర్లలో పనిచేసిన కొందరు మజహబీలకు కాలువ కాలనీల్లో భూమి దక్కినా, అది కులానికంతటికీ అందిన హక్కు కాదు. పరాయి దేశంలో నేల గెలిచిన సిపాయి సొంత ఊళ్లో నేల కొనలేని పరిస్థితి అది.

యుద్ధం తర్వాత మూడు దారులు

మహర్ రెజిమెంట్, సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీ నేటికీ ఉన్నాయి. కోహిమా పోరులో పేరు తెచ్చుకుని, 268వ బ్రిగేడ్‌తో బర్మాలో నడిచిన చమార్ రెజిమెంట్‌ను మాత్రం 1946లో రద్దు చేశారు. దాన్ని పునరుద్ధరించాలన్న డిమాండ్ ఆగలేదు. 2017లో జాతీయ షెడ్యూల్డ్ కులాల కమిషన్ ఈ విషయమై రక్షణ శాఖను వివరణ కోరింది. కులం, మతం, ప్రాంతం పేరిట కొత్త రెజిమెంట్లు ఉండవన్నది స్వతంత్ర భారత ప్రభుత్వాల విధానం. అయితే జాట్, రాజ్‌పుత్, డోగ్రా వంటి పాత పేర్లు అలాగే కొనసాగుతున్నాయి. అందరికీ ఒకే నియమమైతే వాదన వేరుగా ఉండేది. 1946లో గీసిన గీతను అక్కడే ఆపి, దానికి సమానత్వం అని పేరు పెట్టడమే అసలు సమస్య.

కుల రెజిమెంట్లు కావాలా, అసలు కుల రెజిమెంట్లే వద్దా అన్న ప్రశ్నపై దళిత ఉద్యమంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఏ వైపు నిలబడినా ఈ చరిత్ర ఒక విషయం చెబుతుంది. రెజిమెంట్ నిలబడటం, రద్దవడం యుద్ధరంగంలో చూపిన ధైర్యాన్ని బట్టి జరగలేదు. 1890ల్లో మహర్లు, 1933లో పయనీర్లు, 1946లో చమార్లు ధైర్యం లేక ఇంటికి రాలేదు. నిర్ణయం తీసుకునే గదిలో తమవాళ్లు లేక వచ్చారు. 1941లో ఆ గదిలో అంబేడ్కర్ ఉన్నాడు. సైన్యమైనా, విశ్వవిద్యాలయమైనా, న్యాయస్థానమైనా ప్రాతినిధ్యం కోసం చేసే పోరాటానికి అర్థం ఇదే.