21 రోజుల సూది వెనక

బెంజథీన్ పెన్సిలిన్ పొడిలో నీళ్లు కలిపితే పాలలా చిక్కబడుతుంది. సన్న సూదిలోంచి దిగదు. కలిపాక ఆలస్యం చేస్తే లావు సూదిలోనూ అడ్డం పడుతుంది. వేయించుకున్న పిల్లాడు ఆ పూట కుంటుతూ నడుస్తాడు. రుమాటిక్ జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకి 21 రోజులకోసారి, ఏళ్ల తరబడి ఇదే మందు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా నన్ను తల్లులు ఎక్కువగా నిలదీసేది దీని గురించే: "జ్వరం పోయింది, కీళ్ల నొప్పులూ తగ్గాయి. ఇంకా ఎందుకు సిస్టరమ్మా?"

దీనికి జవాబు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో, రెబెకా లాన్స్‌ఫీల్డ్ బల్ల మీద దొరికింది. ఆవిడ గుండె డాక్టరు కారు. 1918లో అక్కడ టెక్నీషియన్‌గా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి టెక్సాస్ సైనిక శిబిరాల్లో, గొంతులో చేరి రుమాటిక్ జ్వరానికి దారితీసే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి జబ్బులు చెలరేగాయి. అక్కడి నుంచి తెచ్చిన 125 నమూనాలను పరీక్షిస్తే, చూపుకి ఒకేలా ఉన్న ఆ సూక్ష్మజీవుల్లో నాలుగు రకాలు తేలాయి. 1919లో అచ్చయిన పత్రంలో అక్కడి శాస్త్రవేత్తలు ఏవరీ, డోషే పేర్లతో పాటు ఆవిడ పేరూ ఉంది. ఒక టెక్నీషియన్‌కి ఆ రోజుల్లో అది చిన్న గౌరవం కాదు.

తర్వాత దాదాపు జీవితమంతా ఆ పనే. సూక్ష్మజీవుల ముద్దని పలచని ఆమ్లంలో వేసి, మరిగే నీళ్లలో ఉంచి, ఆమ్లం విరిచి, పైనున్న తేట తీస్తారు. దాన్ని సన్నని గాజు గొట్టంలో కుందేలు సీరంతో కలుపుతారు. సీరం ఆ రకానిదే అయితే తెల్లగా మడ్డి కడుతుంది, కాకపోతే తేటగానే ఉండిపోతుంది. వేల గొట్టాలను అలా వెలుగుకి పట్టి చూసిన ఓపిక నాకు ఏ శస్త్రచికిత్సకీ తీసిపోయేదిగా కనిపించదు.

ఆ మడ్డిలోంచే ఎం ప్రోటీన్ బయటపడింది. తెల్లకణాలు మింగకుండా సూక్ష్మజీవిని కాపాడేది అదే. దానిమీద మన ఒంట్లో యాంటీబాడీలు పుడితే ఏళ్ల తరబడి నిలుస్తాయి, కానీ ఆ ఒక్క రకం మీదే పనిచేస్తాయి. తల్లులకి నేను చెప్పేదీ ఇదే: "మీ వాడి ఒంటికి తెలిసింది ఒక్క రకమే అమ్మా. బడిలో ఇంకో రకం అంటుకుంటే మళ్లీ జ్వరం, కవాటం మీద ఇంకో దెబ్బ."

గొంతులో పురుగుకి గుండెతో ఏం పని? 1960లలో మెల్విన్ కాప్లాన్ కుందేళ్లలో చూపించారు: స్ట్రెప్టోకాకస్ మీద పుట్టిన యాంటీబాడీలు మనిషి గుండె కణజాలాన్ని కూడా పట్టుకుంటున్నాయి.

ఇప్పుడు జన్యు పరీక్షతో లెక్కిస్తే ఎం ప్రోటీన్ రకాలు 200 దాటాయి. టీకా ఇంకా చేతికి రాకపోవడానికి అదొక కారణం. వచ్చేదాకా, తారీఖు దాటినా కనిపించని పిల్లల ఇళ్లకి ఫోన్లు చేస్తూనే ఉంటాం.