చెరువుకట్ట మీది పాఠం

కోలారు సీమకు జీవనది లేదు. పాలారు, ఉత్తర దక్షిణ పినాకినులు సమీపాన నంది కొండల ప్రాంతముననే పుట్టినను, వానలు వెనుకబడితే మిగిలేది ఇసుకే. కావున ఇక్కడి పూర్వులు చెరువునే నమ్ముకొన్నారు. 2007లో చిక్కబళ్ళాపురం విడిపోకముందు ఈ జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులుండేవి. మైసూరు రాజ్యంలో కొత్త చెరువుకు చోటు దొరకడమే కష్టమని 1866లో మేజర్ శాంకీ అనే ఇంజనీరు వ్రాశాడు.

ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. ఈ గొలుసుకట్టును నల్లబల్లపై ఎంత గీసినా పిల్లలకు పటమే కనబడుతుంది. కట్టపై నిలిపితే పల్లం కనబడుతుంది. మాటలూ అక్కడే పట్టుబడతాయి. ఇంట తూము, బయట తూబు. మనకు అలుగు, కన్నడంలో కోడి. మన ఆయకట్టు వారికి అచ్చుకట్టు. ఏ పొలానికి ఎంత నీరో పంచి, పంటలో కొంత ధాన్యం కూలిగా పుచ్చుకొనిన నీరుగంటి మాత్రం ఉభయ భాషలకూ ఒక్కడే. తరచుగా దళితుడైన అతని పేరు చరిత్ర పుస్తకాలలో కానరాదు. కట్టించిన ప్రభువుల పేర్లకు కొదవ లేదు.

విజయనగర ప్రభువులు కోలారునూ, కడపనూ ఏలినవారే. కడప జిల్లా పోరుమామిళ్ళలోని 1369 నాటి సంస్కృత శాసనం, ఆ చెరువుకు రెండేండ్లపాటు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు చెబుతుంది. చెరువుకు ఆరు దోషాలనూ పేర్కొంటుంది: కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేర, నడుమ మెరక, విశాల స్థలానికి చాలని నీరు, అధిక జలానికి చాలని స్థలం. (పొలిమేర దోషమెట్లో పాలారు జగడాలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.) పిల్లలకు ఈ ఆరింటినీ ఇచ్చి తమ ఊరి చెరువును పరీక్షింపుమంటే చాలు. తెల్లగా ఉప్పు పొంగిన మన్నును తామే గుర్తిస్తారు, కట్ట వెనుక తడిసిన చోట తుంగను చూపిస్తారు.

శాసనకర్తలు ఊహించని దోషాలు తరువాత వచ్చాయి. 1980ల నుండి విస్తరించిన నీలగిరి తోపులు, పూడిన వాగుకాలువలు, వేయి అడుగులు దాటిన బోర్లు, ఆ బోరునీటిలో ఫ్లోరైడ్. చెరువులు ఎండిపోయాయి. 2018 నుండి బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీరు గొట్టాల ద్వారా వచ్చి కొన్నిటిని నింపుతున్నది. ఊరి బావులలో నీరు పెరిగిందని రైతులు సంతోషించారు. ఆ శుద్ధి చాలదని పోరాడినవారూ ఉన్నారు. వాన లేకుండానే నిండిన చెరువు! ఈ నీటి పుట్టుక ఏ కొండ మీదిదని పిల్లలు అడిగితే పటంలో నగరాన్ని చూపవలసివస్తుంది.

అట్టి చెరువు వద్ద పిల్లలను నీటిలోకి దిగనివ్వను. కట్ట మీది నుండియే చూపిస్తాను.