బరమాకి మెలికలు ఎందుకు లేవు?

చిన్నప్పుడు రేణిగుంటలో మా ఇంటికి ద్వారబంధం చేయడానికి వచ్చిన ఆచారి తాత దగ్గర ఒక బరమా ఉండేది. కొయ్య కడ్డీ, కొనకి ఇనుప ములుకు, పైన పట్టుకోడానికి కొబ్బరి చిప్ప. కడ్డీకి చుట్టిన తాడు అటూ ఇటూ లాగడం నా పని. "నొక్కేది నేను చూసుకుంటా, నువ్వు లాగు నాయనా" అనేవాడు.

ఇంజినీరింగ్ వర్క్‌షాపులో మెలికల డ్రిల్ బిట్ చూశాక ఆ బరమా అంటే చిన్నచూపు వచ్చేసింది. ములుకు చదునుగా, బల్లెం మొనలా ఉండేది. ఒక్క మెలిక లేదు. మనవాళ్ళకి ఇంత చిన్న ఐడియా తట్టలేదా అనుకున్నా.

తప్పు నాదే. తాడుతో తిప్పే బరమా ఒకసారి కుడికీ, ఒకసారి ఎడమకీ తిరుగుతుంది. మెలిక పొట్టుని పైకి తెచ్చేది ఒకవైపు తిరిగితేనే. రెండోవైపు తిరిగితే అదే పొట్టుని లోపలికి తోస్తుంది. కొనకి స్క్రూ పెట్టినా అంతే, దిగినంతా మళ్ళీ పైకొచ్చేస్తుంది. అదే రెండు పక్కలా వాలు పట్టిన చదును ములుకైతే ఎటు తిరిగినా గీకుతుంది. ఆ కదలికకి అదే సరైన డిజైన్!

ఇదేమీ నిన్నటి విద్య కాదు. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500-9,000 ఏళ్ళ నాటి మనుషుల దంతాల్లో, చెకుముకిరాతి మొనతో తొలిచినవి 11 ఉన్నాయని 2006లో నేచర్ పత్రికలో వచ్చింది.

మరి మెలిక ఎప్పుడొచ్చింది? యూరప్‌లో ఆగకుండా ఒకేవైపు తిప్పే వంకీ పిడి 1430 ప్రాంతపు మెరోడ్ చిత్రంలోనే కనిపిస్తుంది. అందులో జోసెఫ్ దానితోనే చెక్కకి బెజ్జాలు వేస్తుంటాడు. అయినా అక్కడా చాలాకాలం గరిటె ఆకారపు బిట్లే వాడారు. పొట్టు నిండినప్పుడల్లా బయటికి లాగి దులుపుకోవాలి. అమెరికాలో ఎజ్రా లొమ్మిడ్యూ 1809లో జంట మెలికల బిట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1855లో రసెల్ జెన్నింగ్స్ దాన్ని మెరుగుపరిచాడు. ఆ తరహా బిట్లలో కొన స్క్రూ లోపలికి లాగుతుంది, అంచు కత్తులు ముందుగా పీచుని కోస్తాయి, మెలిక పొట్టుని ఎత్తిపోస్తుంది. స్టీఫెన్ మోర్స్ ట్విస్ట్ డ్రిల్ పేటెంట్ 1863లో.

అంటే ఒకేవైపు తిరిగే పిడి చేతిలో ఉన్నవాళ్ళకే మెలిక దాకా రావడానికి వందల ఏళ్ళు పట్టింది. రెండువైపులా తిరిగే తాడు బరమాకి దాంతో పనే లేదు. ఇవన్నీ ఆలోచించకుండా నేను తాతకి మార్కులు వేసేశాను.

ఆయన వేసిన బెజ్జాల్లో దిగ్గొట్టిన కొయ్య సీలలు మా ద్వారబంధంలో ఇప్పటికీ కదల్లేదు. ఇంతకీ ఆ తాడు లాగినవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా?