వానకు ఏం కప్పుకున్నాం?

సంగారెడ్డిలో ఉద్యోగం చేసే స్నేహితురాలు ఒకామె పోయిన వానాకాలానికి ముందు నన్నొక ప్రశ్న అడిగింది. మంజీర వైపు మట్టిదారుల్లో తెల్లవారుజామున పరుగెత్తడం మొదలుపెట్టింది. ట్రైల్ రన్నింగ్ అంటారట. తడవకుండా, ఒంటికి బరువు కాకుండా ఉండే జాకెట్ కొనాలి, ఏది కొనమంటావ్ అని. నేను పరుగెత్తే మనిషిని కాను, చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని. అయినా ఆమె చూపించిన జాకెట్‌ను చేతిలోకి తీసుకున్నాను. 150 గ్రాములు. పిడికిట్లో పట్టేలా మడిచేయొచ్చు. నాకు మాత్రం గొంగడి గుర్తొచ్చింది.

ఈ ప్రాంతంలో వానకు కప్పుకునే గుడ్డ అంటే ఎన్నో తరాలపాటు గొంగడే. దక్కని గొర్రె నల్ల ఉన్నితో కురుమలు నేసేవారు. ఉన్నికి ఉండే సహజమైన జిడ్డు నీటిచుక్కను జారుస్తుంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా ఉన్ని తడిగా అనిపించదు, పైగా పీల్చుకునేటప్పుడు కొంచెం వేడిని విడుస్తుంది కూడా. చింతగింజల గంజి పట్టించిన నూలుతో నేసిన గుడ్డ బిరుసుగా ఉండి నీటిని అంత తొందరగా లోపలికి రానివ్వదు. ఒక మూల మడిచి తలమీద కొప్పెర పెట్టుకుంటే మనిషికి అదే టోపీ, అదే కోటు. రాత్రికి అదే పక్క.

మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు. ఉన్ని శుభ్రం చేసి, విడదీసి, రాట్నం మీద వడికేది ఆడవాళ్లు. వంటకీ పిల్లలకీ గొర్రెలకీ మధ్య దొరికిన సందుల్లో సాగే పని అది. అందుకే దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు. గొంగడి తెలంగాణ పోరాటానికి గుర్తయింది. మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టి 2023లో మరణించిన గద్దర్ గోచి, గొంగడితో వేదిక ఎక్కితే జనం అందులో తమ రైతునీ గొల్లకురుమనీ చూసుకున్నారు. నాకూ ఆ బొమ్మ ఇష్టమే. కానీ ఆ భుజం మీది నూలు ఎవరి వేళ్ల మధ్య నుంచి వచ్చిందో ఆ బొమ్మలో కనిపించదు. తర్వాత దక్కని గొర్రెలు తగ్గాయి. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతితో సంకరం చేశారు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. అవి పక్క రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చినవి. పథకం లెక్కలో గొర్రె అంటే మాంసమే, రాట్నం తిప్పే చేతుల ఊసు అందులో లేదు.

ఇంతకీ వడికిన ఆడది వానలో గొంగడి కప్పుకుందా? కాపలాకు నిలబడే వాడికీ, మందవెంట నడిచే వాడికీ అది పనికొస్తుంది. నాటు వేసే మనిషి నడుం వంచాలి, రెండు చేతులూ బురదలో ఉండాలి. తడిసి బరువెక్కిన ఉన్ని వీపుమీద నిలవదు. గొడుగు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని నాట్ల ఆడవాళ్లు తమ రెయిన్ కోటును తామే తయారు చేసుకున్నారు. మొదట గోనె సంచి, ప్లాస్టిక్ సంచులు వచ్చాక యూరియా సంచి. అడుగున ఒక మూలను లోపలికి నెట్టి రెండో మూలలో దూరిస్తే తలకు కొప్పెర, వీపు వెంట జారే కప్పు. కుట్టు లేదు, ఖర్చు లేదు. వంగినా జారదు. దీనికి ఎవరూ పేటెంటు తీసుకోలేదు. ఎరువు అవశేషాలు అంటుకున్న సంచి తలమీదా మెడమీదా గంటలకొద్దీ ఉండటం గురించి కూడా ఎవరూ పట్టించుకోలేదు.

సంచి కింద ఇంకొకటుంటుంది. చీరమీద వేసుకున్న మగవాళ్ల పాత చొక్కా, నిండు చేతులది. ఎండకు, ముళ్లకు, వరాకు కోతకు అంటారు. నిజమే. కానీ వానలో తడిసిన చీర ఒంటికి అంటుకున్నప్పుడు గట్టుమీద నిలబడ్డవాడి చూపునుంచి కాపాడేది కూడా ఆ చొక్కానే. తడిసిన చీరను వానపాట చేసి అమ్ముకున్న సినిమాల దేశం మనది. నా స్నేహితురాలు కూడా రెండు మూడు మాటల తర్వాత అసలు సంగతి చెప్పింది: "తడిస్తే నాకేం కాదు. టీషర్ట్ తడిస్తేనే భయం. ఫ్యాక్టరీ బస్సులు ఆ టైముకే వస్తాయి."

జాకెట్ కంపెనీల చరిత్రలో ఈ భయానికి చోటు లేదు. వాళ్ల చరిత్ర ఇలా ఉంటుంది. 1823లో గ్లాస్గోకి చెందిన చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి పేటెంటు పొందాడు. నీరు రాలేదు, చెమట కూడా పోలేదు, పైగా కంపు. మన దేశంలో సురేంద్రమోహన్ బోస్ 1920లో కలకత్తాలో మొదలుపెట్టిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ నుంచి డక్‌బ్యాక్ రెయిన్ కోట్లు వచ్చాయి. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్క ఊపున లాగి, నీటిచుక్క దూరలేని, ఆవిరి మాత్రం దూరగల సన్నని రంధ్రాల పొర చేశాడు. చెమట సమస్య తీరిందన్నారు.

మన దగ్గర తీరలేదు. ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికంటే పొడిగా, చల్లగా ఉండాలి. జులైలో పటాన్‌చెరు గాలి అలా ఉండదు. లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు అని రాస్తారు, అంటే పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ తట్టుకుంటుందని. హిమాలయాల్లో చలికి ప్రాణం పోయే చోట ఆ అంకె అవసరమే. మన వెచ్చని వానలో లోపలి చెమటతోనే తడుస్తాం.

ఇంకో సంగతుంది, అది నాకు చాలా ముఖ్యం. జాకెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారడానికి చాలాకాలం పీఫాస్ అనే రసాయనాలు వాడారు. అవి విరిగిపోవు, నీటిలో, రక్తంలో మిగిలిపోతాయి. ఆ కుటుంబంలోని పీఎఫ్ఓఏ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో తేల్చింది. కాలిఫోర్నియా 2025 నుంచి, ఫ్రాన్స్ 2026 నుంచి బట్టల్లో పీఫాస్‌ను నిషేధించాయి. కాలిఫోర్నియా మాత్రం కుండపోత వానకు వాడే దుస్తులకు 2028 దాకా గడువిచ్చింది.

నీళ్లలో కలిసిన రసాయనం ఎక్కడికీ పోదని నక్కవాగు ఒడ్డువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కర్మాగారం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందును లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనుగొన్నారు. పంట పోయిన రైతులకు పరిహారం ఇమ్మని కోర్టు చెప్పాల్సి వచ్చింది. పరిహారం లెక్క ఎకరాల్లో ఉంటుంది. ఆ నీళ్లలో నిలబడి నాటు వేసిన కూలిమనిషికి ఎకరం ఉండదు.

కాబట్టి నేను చెప్పిన సలహా చిన్నదే. పీఫాస్ లేదని స్పష్టంగా రాసినది చూడు. ఇక్కడి దారులకు పల్చటి గాలి జాకెట్ చాలు, కుట్లకు టేపు వేసిన అసలు వాటర్‌ప్రూఫ్‌ది కొండల్లో పెద్ద పందేనికి వెళ్లే రోజున కొనుక్కో. చంకల కింద గాలి ఆడే సందులుండాలి. ఆడవాళ్లదంటూ నడుం దగ్గర బిగించి, జేబులు తగ్గించి అమ్ముతారు, అది వద్దు. ఆమె మగవాళ్ల వరసలోంచి ముదురు నీలంది తీసుకుంది. తండ్రి పాత చొక్కా వేసుకున్నంత వదులుగా ఉంది.

ఆగస్టులో ఒకరోజు ఆమెతో పాటు నేనూ నడిచాను. వాన పడుతోంది. నాట్లు ఆలస్యమైన ఒక మడిలో ఏడెనిమిది మంది యూరియా సంచులతో వంగి ఉన్నారు. గట్టుకు దగ్గరగా ఉన్న పెద్దామె నడుం నిలబెట్టి, నా స్నేహితురాలిని దగ్గరికి రమ్మని, జాకెట్ అంచును తడి వేళ్లతో నలిపి చూసింది.

"ఎంతకు కొన్నవ్ బిడ్డా?"

ఆమె సగం ధర చెప్పింది.

"లోపట చెమట వట్టదా?"

"పడ్తదమ్మా."

"మా సంచి లెక్కనే," అని పెద్దామె మళ్లీ వంగింది.